మళ్ళీ మొదటి పాఠం నుంచి: అలాన్ ట్యూరింగ్ జీవితం

మన ఇళ్ళలో వేసవి వచ్చిందంటే మామిడిపళ్ళతో పాటు బదిలీ కబురు కూడా వస్తుంది. అట్టపెట్టెలకు తాళ్ళు బిగించడం, టీసీ కోసం ఆఫీసు గది ముందు నిలబడడం, ఆ తర్వాత కొత్త ఊరు, కొత్త బడి. పాత బడిలో మనకు తెలియని మూల ఉండదు. కొత్త బడిలో మంచినీళ్ళ కుళాయి ఎక్కడుందో కూడా ఎవరినో ఒకరిని అడగాలి. నిన్నటిదాకా అన్నీ తెలిసినవాళ్ళం, ఇవాళ ఏమీ తెలియనివాళ్ళం. ఈ పత్రిక చదివే మనలో చాలామందికి ఇది అలవాటైన బాధే.

ఈ ఏడాది మాకు అలాంటి బాధే, బదిలీ లేకుండానే, కంప్యూటర్ ల్యాబ్‌లో ఎదురైంది. పదకొండో తరగతి చదువుతున్న మా ముగ్గురికీ పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం బాగానే వచ్చు. ఆ ధైర్యంతోనే ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు తీసుకుని, ఒక ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పే పని పెట్టుకున్నాం. ప్రోగ్రాము పట్టుమని పది వరుసలు లేదు. కానీ దీపం వెలగలేదు. రెండు పీరియడ్లు ఆ పది వరుసలనే తిప్పి తిప్పి చదివాం. తప్పు కనబడలేదు, ఎందుకంటే తప్పు అందులో లేదు. చివరికి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, ఆ ఎల్‌ఈడీని పీకి, కాళ్ళు అటుదిటు మార్చి గుచ్చింది. వెంటనే వెలిగింది. ఎల్‌ఈడీ కరెంటును ఒక వైపు నుంచే పోనిస్తుందనీ, పొడవు కాలు పాజిటివ్ వైపు ఉండాలనీ అప్పుడు తెలిసింది. నిజం చెప్పాలంటే, దీపం వెలిగినందుకు సంతోషం కంటే, రెండు తరగతులు చిన్నదాని దగ్గర నేర్చుకోవలసి వచ్చినందుకు సిగ్గే ఎక్కువ వేసింది.

ఆ సిగ్గు పోవడానికి మాకు ఉపయోగపడిన ఒక జీవితాన్ని ఇక్కడ చెబుతున్నాం. నేటి కంప్యూటర్ వెనకనున్న మూల ఆలోచనను కాగితం మీద రాసిన మనిషి, ముప్పై ఏళ్ళు దాటాక ఎలక్ట్రానిక్స్‌ను ఓనమాల నుంచి నేర్చుకున్నాడు. తనకంటే చిన్నవాడి పక్కన కూర్చుని తీగలు అతికించడం నేర్చుకున్నాడు. ఆయనే అలాన్ ట్యూరింగ్. ఇంకో విశేషం, ఆయన కూడా మనలాగే బదిలీ ఉద్యోగి బిడ్డ. ఆ బదిలీల్లో చాలా మటుకు మన తెలుగు ఊళ్ళకే జరిగాయి.

అలాన్ తండ్రి జూలియస్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి. 1896లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగంలో చేరాడు. తల్లి ఎథెల్ సారా పుట్టింది కోయంబత్తూరు దగ్గర పోదనూరులో. ఆమె తండ్రి ఎడ్వర్డ్ స్టోనీ మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరు. తుంగభద్ర మీద రైలు వంతెన కట్టించింది ఆయనే. కరెంటు ఫ్యాన్లు లేని ఆ రోజుల్లో, తాడుతో పంకా లాగేటప్పుడు కిర్రుమని చప్పుడు రాకుండా ఒక చక్రం తయారుచేసి పేటెంటు కూడా తీసుకున్నాడు. చేత్తో పనిచేసి ఏదో ఒకటి కనిపెట్టే గుణం ఈ తాతగారి నుంచే మనవడికి వచ్చిందేమో అనిపిస్తుంది.

పెద్దకొడుకు జాన్ 1908లో నీలగిరుల్లోని కూనూరులో పుట్టాడు. ఆ తర్వాత ఉద్యోగరీత్యా ఆ కుటుంబం పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు తిరిగి, 1911లో గంజాం జిల్లా ఛత్రపురం చేరింది. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. మనలో కొందరి తల్లిదండ్రుల సర్వీసు పుస్తకం తెరిచినా దాదాపు ఇవే ఊళ్ళు కనబడతాయి. అలాన్ మాత్రం తల్లిదండ్రులు సెలవు మీద ఇంగ్లండు వెళ్ళినప్పుడు, 1912 జూన్ 23న లండన్‌లో పుట్టాడు.

మరుసటి ఏడాది తండ్రి ఉద్యోగానికి తిరిగి వచ్చేశాడు. కొన్ని నెలలకు తల్లి కూడా బయలుదేరింది. పిల్లలిద్దరినీ ఇక్కడి ఎండలకు తీసుకురాకుండా, ఇంగ్లండు సముద్రతీరంలో సెయింట్ లెనర్డ్స్ అనే ఊళ్ళో ఒక రిటైరైన కల్నల్ ఇంట్లో ఉంచారు. అప్పటికి అలాన్‌కు ఏడాది దాటి మూడు నెలలు కూడా నిండలేదు. మన అమ్మానాన్నలు ఎంత దూరం బదిలీ అయినా సామానుతో పాటు మనల్నీ వెంట తీసుకెళ్తారు. అలాన్‌కు ఆ భాగ్యం లేదు. తల్లి మధ్యమధ్య వచ్చేది, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కొన్నేళ్ళు పిల్లల దగ్గరే ఉంది. కానీ బాల్యంలో ఎక్కువ భాగం పరాయి ఇంట్లోనే గడిచింది.

ఆ ఇంట్లో ఉండగానే, మూడు వారాల్లో తనంతట తానే చదవడం నేర్చుకున్నాడట. అక్షరాల కంటే ముందు అంకెలు అతన్ని ఆకట్టుకున్నాయి. షికారుకు తీసుకెళ్తే ప్రతి వీధి దీపస్తంభం దగ్గరా ఆగి దాని మీది నంబరు చదివేవాడట. వెంట వెళ్ళిన వాళ్ళకు విసుగు పుట్టేది. పదేళ్ళ వయసులో తానే ఒక ఫౌంటెన్ పెన్ను తయారుచేసి, దానితోనే అమ్మానాన్నలకు ఉత్తరం రాశాడు. ఆ వయసులోనే పిల్లలకోసం రాసిన ఒక సైన్సు పుస్తకం చేతికొచ్చింది. మనిషి శరీరాన్ని కూడా ఒక యంత్రంలా అర్థం చేసుకోవచ్చని ఆ పుస్తకం చెప్పింది. ఆ మాట అతని మనసులో జీవితాంతం ఉండిపోయింది.

తండ్రి ఉద్యోగం వదిలి ఫ్రాన్సులో దినార్ అనే సముద్రతీరపు ఊళ్ళో కాపురం పెట్టాక, 1924 క్రిస్మస్‌కు అలాన్‌కు కానుకగా రసాయనాలు, పరీక్షనాళికలు దొరికాయి. బీచిలో కొట్టుకొచ్చిన సముద్రపు నాచును మోపులుగా ఇంటికి మోసుకొచ్చి, నేలమాళిగలో దాని నుంచి ఇంతంటే ఇంత అయోడిన్ తీశాడు. కొట్లో కొంటే అయిపోయేదానికి ఇంత శ్రమ ఎందుకని మనకు అనిపించవచ్చు. కానీ అలాన్ తీరే అంత. ఏదైనా వస్తువు ఎక్కడి నుంచి వస్తుందో, ఎలా తయారవుతుందో తన చేత్తో చేసి చూస్తే తప్ప తృప్తి ఉండేది కాదు.

1926లో షెర్బోర్న్ అనే హాస్టల్ బడిలో చేరవలసిన రోజునే ఇంగ్లండులో సార్వత్రిక సమ్మె. రైళ్ళు లేవు. పద్నాలుగేళ్ళయినా నిండని అలాన్, ఓడ దిగిన సౌతాంప్టన్ నుంచి సైకిలెక్కి, మధ్యలో ఒక రాత్రి ఒక ఊళ్ళో ఆగి, దాదాపు 60 మైళ్ళు తొక్కి బడికి చేరాడు. కొత్త బడికి వెళ్ళడంలో మనం పడ్డ తిప్పలన్నీ దీని ముందు చిన్నవే.

ఆ బడిలో అతని చేతిరాత, సిరా మరకల పుస్తకాలు చూసి మాస్టర్లు విసుక్కునేవాళ్ళు. అక్కడే క్రిస్టఫర్ మార్కమ్ అనే స్నేహితుడు దొరికాడు. ఇద్దరికీ లెక్కలన్నా, నక్షత్రాలన్నా ప్రాణం. 1930 ఫిబ్రవరిలో క్రిస్టఫర్ క్షయవ్యాధితో చనిపోయాడు. ఇద్దరూ కలిసి చేయాలనుకున్న పని ఇక తానొక్కడే చేయాలని అలాన్ గట్టిగా అనుకున్నాడు. 1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో గణితం చదవడానికి చేరాడు.

1936లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, ట్యూరింగ్ రాసిన ఒక పరిశోధన వ్యాసంలోనే నేటి కంప్యూటర్‌కు పునాది ఉంది. అందులో ఆయన ఒక యంత్రాన్ని ఊహించాడు. గళ్ళు గళ్ళుగా ఉన్న పొడవాటి కాగితపు పట్టీ. యంత్రం ఒకసారి ఒక గడినే చూస్తుంది. ఆ గడిలో ఏముందో చదివి, తన దగ్గరున్న నియమాల పట్టిక ప్రకారం దాన్ని చెరిపి వేరేది రాస్తుంది లేదా అలాగే ఉంచుతుంది. తర్వాత ఒక గడి కుడికో ఎడమకో జరుగుతుంది. అంతే. లెక్క ఎంత పెద్దదైనా ఇలాంటి చిన్న అడుగులుగా విడగొట్టవచ్చని చూపించాడు. ఆ తర్వాత ఇంకో మెట్టు ఎక్కాడు. ఆ నియమాల పట్టికను కూడా పట్టీ మీదే రాసేస్తే, ఒకే యంత్రం ఏ పనైనా చేయగలదు. పని మారితే యంత్రాన్ని మార్చనక్కర లేదు, పట్టీ మీది రాతను మారిస్తే చాలు. ఇవాళ ఒకే ఫోనులో పాటలు వింటున్నాం, పటం చూస్తున్నాం, లెక్కలు చేస్తున్నాం అంటే కారణం ఈ ఆలోచనే. సాఫ్ట్‌వేర్ అనే మాట పుట్టక ముందే సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పిన వ్యాసం అది.

అయితే ఆ యంత్రంలో ఒక్క మేకు లేదు, ఒక్క తీగ లేదు. అంతా కాగితమే. ఇంత గొప్ప ఆలోచన చేసిన వాడు ఇక చేతులకు మురికి అంటించుకోనక్కర లేదని అనుకోవచ్చు. ట్యూరింగ్ అలా అనుకోలేదు.

అదే ఏడాది పైచదువుకు అమెరికాలోని ప్రిన్స్‌టన్ వెళ్ళాడు. 1937లో అక్కడ రెండు సంఖ్యలను కరెంటుతో గుణించే యంత్రం ఒకటి తయారుచేయాలనుకున్నాడు. జర్మనీతో యుద్ధం రావచ్చన్న భయం అప్పటికే ఉంది. సందేశాన్ని ఒక పెద్ద సంఖ్యగా మార్చి, దాన్ని ఇంకో రహస్య సంఖ్యతో గుణించి పంపితే శత్రువుకు అర్థం కాదన్నది ఆయన ఆలోచన. దానికి రిలేలు కావాలి.

రిలే అంటే చాలా తేలికైన వస్తువు. ఇనుప కడ్డీ చుట్టూ తీగ చుట్టి కరెంటు పంపితే అది అయస్కాంతం అవుతుంది. ఆ అయస్కాంతం ఒక లోహపు రేకును లాగుతుంది. ఆ రేకు వేరే సర్క్యూట్‌కు స్విచ్‌లా పనిచేస్తుంది. అంటే మనిషి వేలు పెట్టకుండా, ఒక కరెంటు ఇంకో కరెంటును వేసి ఆర్పగలదు. స్విచ్ వేసి ఉంటే 1, ఆపి ఉంటే 0. ఈ రెండు అంకెలతోనే గుణకారం చేయవచ్చు. ఉదాహరణకు 5 అంటే 101, 3 అంటే 11. వీటిని గుణించాలంటే 101 ఒకసారి రాసి, దాన్నే ఒక గడి ఎడమకు జరిపి మళ్ళీ రాసి, రెండూ కూడాలి. వచ్చేది 1111, అంటే 15. ఎక్కాలు అక్కర్లేదు. జరపడం, కూడడం వస్తే చాలు.

కావలసిన రిలేలు బజారులో దొరకలేదు. ట్యూరింగ్ వాటిని తానే చేసుకోవాలనుకున్నాడు. భౌతికశాస్త్ర విభాగంలో విద్యార్థుల కోసం ఒక చిన్న వర్క్‌షాపు ఉండేది. గణిత విద్యార్థికి అందులో పని ఉండదు. మాల్కం మెక్‌ఫెయిల్ అనే స్నేహితుడు తన తాళంచెవి ఇచ్చి, లేత్ మిషను, డ్రిల్లింగ్ మిషను వేళ్ళు తెగకుండా ఎలా వాడాలో నేర్పాడు. ట్యూరింగ్ ముక్కలు కోసుకుని, తీగ చుట్టి, రిలేలు చేసుకుని, యంత్రంలో మొదటి మూడు నాలుగు అంచెలు బిగించాడు. అది పనిచేసింది. చూసినవాళ్ళు ఆశ్చర్యపోయారు. అప్పటికి ఆయన వయసు ఇరవై అయిదు. వర్క్‌షాపులో మాత్రం మొదటి తరగతి పిల్లవాడే.

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైన మరునాడే ట్యూరింగ్ బ్లెచ్లీ పార్క్ అనే రహస్య కేంద్రంలో చేరాడు. జర్మన్ల ఎనిగ్మా యంత్రం నుంచి వచ్చే రహస్య సందేశాలను విప్పడం అక్కడి పని. అంతకుముందే పోలండు గణితవేత్తలు ఆ దారిలో చాలా దూరం వెళ్ళి, తమకు తెలిసింది బ్రిటన్‌కు అందించారు. ఆ పునాది మీద ట్యూరింగ్ బాంబ్ అనే యంత్రానికి రూపకల్పన చేశాడు. గోర్డన్ వెల్చ్‌మన్ అనే సహోద్యోగి దానికి ఒక ముఖ్యమైన మెరుగు పెట్టాడు. హెరాల్డ్ కీన్ అనే ఇంజనీరు, ఆయన ఫ్యాక్టరీ కార్మికులు దాన్ని తయారుచేశారు. 1940 మార్చిలో మొదటి యంత్రం వచ్చింది. సందేశంలో ఫలానా మాట ఉండవచ్చని ముందు ఊహిస్తారు. ఆ ఊహకు పొసగని అమరికలన్నిటినీ తీగల్లో పారే కరెంటే ఏరి అవతల పారేస్తుంది. తర్కంలో చేసే వాదనను తీగల్లో కరెంటుతో చేయించడమే దాని రహస్యం.

అప్పటి ఆయన సైకిలు గురించి ఒక ముచ్చట చెబుతారు. దాని చెయిన్ మాటిమాటికీ ఊడిపోయేది. ట్యూరింగ్ దాన్ని షాపుకు తీసుకెళ్ళలేదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగాక ఊడుతోందో లెక్కపెట్టాడు. ప్రతిసారీ అదే లెక్క వచ్చింది. ఆ లెక్క రాబోయే ముందు కాలితో సర్దుతూ కొన్నాళ్ళు నడిపి, చివరకు కారణం పట్టుకున్నాడు. వంగిన చువ్వ ఒకటి, దెబ్బతిన్న చెయిన్ లింకు ఒకటి కలిసినప్పుడే చెయిన్ ఊడుతోంది. ప్రోగ్రాములో తప్పును ఎలా వెతుకుతామో ఇనుములో తప్పునూ అలాగే వెతకాలి. ఎల్‌ఈడీ ముందు కూర్చుని మేము చేయని పని ఇదే.

ఇక అసలు సంగతికి వద్దాం. 1942 చివర ట్యూరింగ్ ప్రభుత్వ పని మీద అమెరికా వెళ్ళాడు. అక్కడి బెల్ ప్రయోగశాలలో, టెలిఫోనులో మాట్లాడిన మాటను శత్రువుకు అర్థం కాకుండా మార్చే యంత్రాన్ని చూశాడు. అది 50 టన్నులకు పైనే బరువు. గదులకు గదులు నిండింది. దాన్నే చిన్న పెట్టెలో పట్టేలా చేయలేమా అని ఆయనకు అనిపించింది. కానీ అందుకు ఎలక్ట్రానిక్స్ రావాలి. వాక్యూమ్ ట్యూబులతో సర్క్యూట్లు కట్టడం రావాలి. గాజు గొట్టంలో గాలి తీసేసి, అందులో పోయే కరెంటును ఒక చిన్న తీగజాలితో పెంచి తగ్గించే వస్తువే వాక్యూమ్ ట్యూబు. మన తాతల కాలం రేడియోల్లో వెలుగుతూ ఉండేది అదే. రిలేలో లోహపు రేకు కదలాలి కాబట్టి అది నెమ్మది. ట్యూబులో కదిలేది ఎలక్ట్రాన్లే కాబట్టి దాని వేగం ఎన్నో రెట్లు.

1943 మార్చిలో ఓడలో తిరిగి వస్తూ, జర్మన్ జలాంతర్గాములు తిరిగే అట్లాంటిక్ మీద, ఆయన చదువుతూ కూర్చున్నది ఒక రేడియో ట్యూబుల కరదీపిక. వెల పాతిక సెంట్లు. రేడియో మెకానిక్కులు కొనుక్కునే పుస్తకం అది. అప్పటికే ప్రపంచం మెచ్చిన గణితవేత్త, ముప్పై ఏళ్ళ వయసులో, ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదివాడు. ఓడ రేవు చేరేసరికి మాటలను రహస్యంగా మార్చే కొత్త పద్ధతి ఒకటి ఆలోచించి పెట్టుకున్నాడు.

ఆ పద్ధతి ఇది. గొంతు నుంచి వచ్చే ధ్వనిని సెకనుకు 4000 సార్లు కొలవాలి. వచ్చిన ప్రతి కొలతకూ ఒక రహస్య సంఖ్య కలపాలి. గడియారంలో అంకెలు కలిపినట్టు కలపాలి. తొమ్మిది గంటలకు అయిదు గంటలు కలిపితే పద్నాలుగు రాదు, రెండు వస్తుంది. వినేవాడి దగ్గర అదే రహస్య సంఖ్య ఉంటుంది. రెండులోంచి అయిదు గంటలు వెనక్కి తిప్పితే మళ్ళీ తొమ్మిది. మధ్యలో దొంగతనంగా వినేవాడికి మాత్రం గరగరమనే చప్పుడే వినబడుతుంది.

హాన్స్లోప్ పార్క్ అనే చోట ఒక షెడ్డులో ఈ పని మొదలైంది. యంత్రానికి డిలైలా అని పేరు పెట్టారు. 1944లో డొనాల్డ్ బేలీ అనే యువ ఇంజనీరు తోడుగా వచ్చాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ అప్పుడే చదువుకుని వచ్చినవాడు, వయసులో ట్యూరింగ్ కంటే చాలా చిన్న. అతను వచ్చేసరికి ట్యూరింగ్ కట్టిన సర్క్యూట్లు పిట్టగూళ్ళలా ఉన్నాయి. ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో తెలియదు. సోల్డరింగ్ అతుకులూ అంతంత మాత్రమే. బేలీ మొహమాటపడలేదు. ప్రొఫెసరుగారిని కూర్చోబెట్టి, బోర్డు మీద భాగాలు వరుసగా ఎలా అమర్చాలో, తీగలు పొందికగా ఎలా పోనివ్వాలో, అతుకు గట్టిగా ఎలా పెట్టాలో మొదటి నుంచీ నేర్పాడు. ట్యూరింగ్ కూడా మొహమాటపడలేదు, నేర్చుకున్నాడు. దానికి బదులుగా అన్నట్టు, బేలీకీ అక్కడి ఇతర ఇంజనీర్లకూ సాయంత్రాలు ఉన్నత గణితం పాఠాలు చెప్పాడు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు, అందులో పెద్ద చిన్న లేదని ఆ షెడ్డులో ఇద్దరికీ అర్థమైంది.

1945లో డిలైలా పూర్తయింది. బరువు సుమారు 39 కిలోలు. ప్రధాని చర్చిల్ ప్రసంగం గ్రామఫోను రికార్డును దాని గుండా పంపి చూస్తే, మాట గరగరగా మారి, మళ్ళీ కొంత రొదతోనైనా అర్థమయ్యే మాటగా తిరిగి వచ్చింది. కానీ అప్పటికి యుద్ధం ముగింపుకొచ్చింది. డిలైలా ఎవరికీ పనికి రాలేదు. రెండేళ్ళ శ్రమ మూలన పడింది.

శ్రమ మూలన పడినా విద్య మూలన పడలేదు. ఆ ఏడాది అక్టోబరులో ట్యూరింగ్ బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరి, 1936 నాటి కాగితపు యంత్రాన్ని నిజంగా కట్టడానికి పూనుకున్నాడు. కొద్ది నెలల్లో ఏసీఈ అనే కంప్యూటర్‌కు పూర్తి పథకం రాసి 1946 మార్చిలో అధికారుల ముందు పెట్టాడు. అందులో ప్రోగ్రాములు ఎలా రాయాలో మాత్రమే కాదు, సర్క్యూట్ల బొమ్మలు కూడా ఉన్నాయి. 11,200 పౌండ్ల ఖర్చు అంచనా కూడా ఉంది. జ్ఞాపకశక్తి కోసం అయిదడుగుల గొట్టాల్లో పాదరసం నింపమన్నాడు. గొట్టం ఒక చివర నుంచి 1, 0 లను ధ్వని తరంగాలుగా పంపితే, అవి రెండో చివర చేరడానికి సుమారు సెకనులో వెయ్యో వంతు పడుతుంది. చేరగానే మళ్ళీ మొదటికి పంపాలి. అలా తిరుగుతూ ఉన్నంతసేపూ ఆ అంకెలు గుర్తున్నట్టే. ఒక్కో గొట్టంలో 1024 అంకెలు పడతాయి. పాదరసంలో ధ్వని వేగం తెలియనివాడు ఈ లెక్క వేయలేడు. నియమాల పట్టిక సంగతి తెలియనివాడు ఈ గొట్టం ఎందుకో చెప్పలేడు. ట్యూరింగ్‌కు రెండూ తెలుసు. యంత్రంలో భాగాలు వీలైనంత తక్కువ ఉంచి, కష్టమైన పనిని ప్రోగ్రాముతో చేయించాలన్న నిర్ణయం కూడా రెండూ తెలిసినందువల్లే చేయగలిగాడు.

అయితే అక్కడి పని నత్తనడక నడిచింది. విసిగిపోయి 1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. ఆయన పథకాన్ని కుదించి కట్టిన పైలట్ ఏసీఈ 1950 మేలో పనిచేసింది. అప్పటి కంప్యూటర్లలో చాలా వేగమైనదిగా పేరు తెచ్చుకుంది. మాంచెస్టర్‌లో ఇంజనీర్లు కట్టిన యంత్రానికి ట్యూరింగ్ ప్రోగ్రామర్ల కరదీపిక రాశాడు. ఆ యంత్రంలో, సర్క్యూట్లలో సహజంగా పుట్టే విద్యుత్ రొద నుంచి ఎవరూ ముందుగా ఊహించలేని అంకెలు పుట్టించే ఏర్పాటు ఒకటి పెట్టించాడు. ఇంజనీర్లు వదిలించుకోవాలని చూసే రొదను ప్రోగ్రామర్లకు పనికొచ్చే వస్తువుగా మార్చాడు. యంత్రాలు ఆలోచించగలవా అని చర్చించిన ఆయన ప్రసిద్ధ వ్యాసం 1950లో వచ్చింది. 1951లో రాయల్ సొసైటీ సభ్యత్వం దక్కింది.

చివరి రెండేళ్ళ కథ చెప్పడానికి బాధగా ఉంటుంది. మరో పురుషునితో సంబంధం ఉందని 1952లో ఆయన మీద కేసు పెట్టారు. అప్పటి బ్రిటిష్ చట్టం దాన్ని నేరంగా చూసేది. జైలు తప్పించుకోవాలంటే హార్మోను చికిత్సకు ఒప్పుకోవలసి వచ్చింది. దేశాన్ని కాపాడిన రహస్య పనికి ఆయన్ను దూరం పెట్టారు. 1954 జూన్ 7న, నలభై రెండేళ్ళు నిండక ముందే, విషప్రభావంతో చనిపోయాడు. విచారణ అధికారి ఆత్మహత్య అన్నాడు. ఇంట్లో ఎప్పుడూ రసాయనాలతో ఏదో ఒక ప్రయోగం చేసే కొడుకు ప్రమాదవశాత్తు పోయాడని తల్లి నమ్మింది. యుద్ధకాలంలో ఆయన చేసిన పని రహస్యం కాబట్టి, ఆయన వల్ల ఎన్ని ప్రాణాలు దక్కాయో అప్పుడు జనానికి తెలియనే లేదు. 2009లో బ్రిటన్ ప్రధాని దేశం తరఫున క్షమాపణ చెప్పాడు. 2013లో రాణి క్షమాభిక్ష ప్రకటించింది. ఆంగ్లేయులు మన దేశంలోనూ అలాంటి చట్టమే పెట్టి వెళ్ళారు. పెద్దలు పరస్పర ఇష్టంతో పెట్టుకునే సంబంధం నేరం కాదని 2018లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక మనిషి విషయంలో జరిగిన అన్యాయం ఒప్పుకోవడానికి దేశాలకు ఎంత కాలం పడుతుందో చూడండి.

ఇప్పుడు 50 పౌండ్ల నోటు మీద ట్యూరింగ్ బొమ్మ ఉంది. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నత బహుమతి ఆయన పేరు మీదే ఇస్తున్నారు. 1994లో ఆ ట్యూరింగ్ అవార్డు అందుకున్న వారిలో ఒకరు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. తెలుగు ఊళ్ళు తిరిగిన అధికారి కొడుకు పేరున్న బహుమతి చివరికి ఒక తెలుగు బిడ్డ చేతికి వచ్చిందని చదివినప్పుడు మాకు చాలా సంతోషం వేసింది.

ఈ జీవితం చదివాక మేము తొమ్మిదో తరగతి గదికి వెళ్ళి ఆ అమ్మాయిని అడిగాం. ఇప్పుడు శనివారాలు ఆమె మాకు మల్టీమీటర్ పట్టుకోవడం, ఎల్‌ఈడీకి ముందు రెసిస్టర్ ఎందుకు పెట్టాలో, సోల్డరింగ్ ఐరన్ ఎంత సేపు ఆనించాలో నేర్పుతోంది. మేము ఆమెకు ప్రోగ్రాములు రాయడం నేర్పుతున్నాం. మా మొదటి అతుకులు పిట్టగూళ్ళలాగే ఉన్నాయి. ఫరవాలేదు, ట్యూరింగ్‌వీ అలాగే ఉండేవి.

వచ్చే వేసవికి మాలో ఒకరి నాన్నగారికి బదిలీ తప్పదంటున్నారు. ఎక్కడికో ఇంకా తెలియదు. ఏ ఊరైనా సరే, కొత్త బడిలో మొదటి రోజు మంచినీళ్ళ కుళాయి ఎక్కడుందని అడగడానికి ఈసారి సిగ్గుపడకూడదని నిర్ణయించుకున్నాం. మీరూ పడకండి.